జ్వరంలో షుగర్ పెరిగి, కొలెస్ట్రాల్ తగ్గితే అది మధుమేహమేనా?

వైరల్ జ్వరంలో చేయించిన రక్త పరీక్షలో షుగర్ ఎక్కువగానూ, కొలెస్ట్రాల్ మునుపెన్నడూ లేనంత తక్కువగానూ వచ్చాయనీ, ఇది మధుమేహమేనా అనీ అడిగారు. రెండేళ్ల క్రితం నాకూ ఇలాగే జరిగింది. జ్వరం వచ్చిన నాలుగో రోజున పరగడుపు షుగర్ 148, మొత్తం కొలెస్ట్రాల్ 124, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 24, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 210 వచ్చాయి. షుగర్ చూసి బెంగపడ్డాను, కొలెస్ట్రాల్ చూసి లోలోపల సంతోషించాను. చివరికి ఆ బెంగా నిలవలేదు, ఆ సంతోషమూ నిలవలేదు.

వైరస్ సోకినప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్లను, అంటే కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్లను, విడుదల చేస్తాయి. వీటి ప్రభావంతో కాలేయం రక్తంలోకి గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది, కండరాలేమో ఇన్సులిన్ మాట అంతగా వినవు. అందువల్ల మధుమేహం లేనివారిలోనూ కొద్ది రోజులపాటు షుగర్ పెరగవచ్చు. అదే సమయంలో హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) రెండూ పడిపోయి, ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరగడం సాధారణం. ఆ తగ్గుదల ఆరోగ్యానికి గుర్తు కాదు, జబ్బుకు గుర్తు. ఇనుము సంగతీ ఇంతే: ఇంటర్‌ల్యూకిన్-6 ప్రేరణతో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తయారుచేయగా, ఇనుము నిల్వలలోనే చిక్కుకుపోయి రక్తంలో తగ్గినట్టు కనిపిస్తుంది, ఇనుమును నిల్వచేసే ఫెరిటిన్ అనే ప్రొటీన్ పెరుగుతుంది. నా రిపోర్టులో ఇనుము తక్కువని చూసి మాత్రలు కొనబోతే డాక్టరుగారు వారించారు.

ఆయన అదే రక్త నమూనాతో హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష కూడా చేయించారు. అది సుమారు మూడు నెలల షుగర్ సగటును చూపుతుంది కాబట్టి నాలుగు రోజుల జ్వరం దాన్ని పెద్దగా కదల్చలేదు. నాకు 5.6 శాతం వచ్చింది, అంటే మామూలు స్థాయే. మూడు నెలల తర్వాత పరగడుపు షుగర్ 96కు దిగింది. మొత్తం కొలెస్ట్రాల్ మాత్రం 198కి, ఎల్‌డీఎల్ 129కి ఎక్కాయి. నా అసలు లెక్క అదీ!

అయితే అందరికీ ఇలాగే సర్దుకుంటుందని చెప్పలేను. హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి ఉంటే, మధుమేహం జ్వరానికి ముందు నుంచే ఉండి ఇప్పుడు బయటపడిందని అనుమానించాలి. కోవిడ్ తర్వాత కొందరిలో షుగర్ పెరిగి అలాగే ఉండిపోయింది కూడా. జ్వరానికి స్టెరాయిడ్లు వాడి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి, అవీ షుగర్‌ను పెంచుతాయి. విపరీతమైన దాహం, పదేపదే మూత్రం, వాంతులు, ఆయాసం వంటివి ఉంటే మాత్రం నాలాగా మూడు నెలలు ఆగవద్దు, ఆ రోజే వైద్యుణ్ణి కలవండి.