స్ట్రిప్పు వెనకవైపు చదవని ఫార్మసీ విద్యార్థి

“ఫార్మసీ చదివే పిల్లలైనా నొప్పి మాత్రలను జాగ్రత్తగా వాడతారా?” అన్నది ప్రశ్న. నల్లగొండలో నాలుగేళ్లు బీఫార్మసీ చదివినవాడిగా నా జవాబు: వాడరు. ఏమీ తెలియనివారికి ఉండే భయం కూడా మాకు ఉండదు. మందు పేరు, అది పనిచేసే తీరు నోటికి వచ్చేసరికి అది మన చెప్పుచేతల్లో ఉంటుందన్న ధీమా పుడుతుంది.

మూడో సంవత్సరంలో నాకు జ్ఞానదంతం వాచింది, దానికి జలుబు తోడైంది. పంటికోసం నొప్పి తగ్గించే ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్, వాపుకిచ్చే సెర్రాషియోపెప్టిడేజ్ కలిసిన మాత్ర పూటకొకటి చొప్పున మూడు వేసుకున్నాను. ఒళ్లు కాలుతున్నట్టుందని 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ నాలుగు, ముక్కు కారుతోందని జలుబు మాత్రలు రెండు మింగాను. రాత్రి కడుపులో మంట మొదలై పడుకోలేక కూర్చుంటే, బీకాం చదివే నా గది మిత్రుడు ట్రంకు పెట్టె మీద పడి ఉన్న స్ట్రిప్పులను ఒక్కొక్కటే ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్లి తిప్పి చూసి, “మూడింటి మీదా పారాసిటమాలే ఉందేందిరా?” అని అడిగాడు. జలుబు మాత్రలో 500, పంటి మాత్రలో 325. వాడే కాగితం మీద కూడాడు: మొత్తం 4,575 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు 4,000 దాటకూడదు. అదే వారం ఇంటర్నల్ పరీక్షలో పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయాన్ని కాపాడే గ్లుటాథయోన్ అక్కడ ఎలా తరిగిపోతుందో, విరుగుడుగా ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఎందుకిస్తారో రెండు పేజీలు రాసి వచ్చినవాణ్ని నేను. మర్నాడు పరీక్షలు చేయిస్తే కాలేయం బాగానే ఉంది. వట్టి కడుపున వేసుకున్న ఎసిక్లోఫెనాక్ వల్ల కడుపు మంట మాత్రం వారం రోజులు వదల్లేదు.

తప్పు నాదే, కాదనను. అయితే కంపెనీ పెట్టిన పేరు ముందువైపు వేలెడు అక్షరాల్లో, లోపలి మందుల పేర్లు వెనక చీమల బారులా అచ్చువేయడం ఎవరి సౌకర్యం కోసమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. దానికితోడు మెడికల్ షాపులో నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో కత్తిరించి ఇస్తారు. పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో పోతాయి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర షెడ్యూల్ హెచ్ మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నా చదువు పూర్తయ్యేదాకా దాన్ని కొన్న ఒక్కసారి కూడా నన్ను ఎవరూ చీటీ అడగలేదు.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంట్లో జరిగింది. మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు, నడుము బిగుసుకుపోయిన ముసలివాళ్లు మా ఊళ్లో ఇంటికొకరు ఉంటారు, వారిలో మా నానమ్మ ఒకరు. మనవడు మందుల చదువు చదువుతున్నాడన్న నమ్మకంతో ఆమె అడగడం, నేను ప్రతి శనివారం బస్సెక్కేముందు డైక్లోఫెనాక్ కొనుక్కుని పోవడం నెలల తరబడి సాగింది. “అన్నం తిన్నంకనే ఏస్కుంట బిడ్డా, తినకుంట ఏస్కుంటే కడుపుల మంట లేస్తది” అని ఆమే నాకు చెప్పేది. ఆ ఒక్క విషయంలో ఆమె నాకంటే నయం. కానీ ఆమె బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోందని తెలిసి కూడా, ఆ రెండూ కలిస్తే మూత్రపిండాలకు రక్తం తగ్గుతుందన్న పాఠం నాకు తట్టలేదు. కాళ్లు ఉబ్బితే నల్లగొండకు తెచ్చి చూపించాం. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే రక్తంలో ఎక్కువయ్యే క్రియాటినిన్ పెరిగిందని డాక్టరు డైక్లోఫెనాక్ మాన్పించి, లెక్క ప్రకారం పారాసిటమాల్ రాశారు.

క్రియాటినిన్ ఇప్పుడు కొంత దిగింది, నొప్పులు దిగలేదు. నేను ఊరికి వెళ్లినప్పుడల్లా ఆమె ముందు నా సంచి వంక చూసి, “ఆ ఎనకటి గోలీలు తేలేదా కొడుకా?” అని అడుగుతుంది.