మబ్బు లేని రోజు వచ్చే వరద

దసరా తర్వాత అమెరికాలో అమ్మాయి దగ్గరకు వెళ్తున్నామనీ, యూటా ఎడారిలో వైర్ పాస్ అనే ఇరుకు లోయలో నడవడానికి తీసుకెళ్తానంటోందనీ, అరవై దాటినవాళ్ళం, చిన్నపిల్లాడితో వెళ్ళొచ్చా అనీ అడిగారు. మేం వెళ్ళొచ్చాం. అప్పటికి నాకు 63, మా ఆవిడకు 58, మనవడికి ఏడు. వెళ్ళొచ్చండి, భేషుగ్గా. నడక రానూపోనూ ఐదున్నర కిలోమీటర్లే. నేను చెప్పాలనుకున్నది నడక గురించి కాదు, వరద గురించి.

ఎడారిలో వరదేమిటి అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నాను. మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. మా గోదారి చెప్పి వస్తుంది. భద్రాచలంలో ఎన్ని అడుగులో టీవీలో చూస్తాం. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆలోగా గొడ్లను గట్టు మీదకు తోలుకుంటాం, బియ్యం బస్తాలు అటకెక్కిస్తాం. 2022 జులైలో మూడోది దాటిపోయినప్పుడు కూడా సామాను సర్దుకునే టైం దొరికింది. ఆ ధీమాతోనే అక్కడా నోరు చేసుకున్నాను.

మేం వెళ్ళింది సెప్టెంబరు మొదటి వారం. పేజ్ అనే ఊళ్ళో బస. పొద్దున్నే లేచి చూస్తే ఆకాశం తోమిన పళ్ళెంలా ఉంది. అల్లుడు ఫోన్ చూసి "ఇవాళ వద్దు మావయ్యగారూ" అన్నాడు. సాల్ట్ లేక్ సిటీ వాతావరణ కార్యాలయం ఆ చుట్టుపక్కల లోయలకి రోజూ ఆకస్మిక వరద అవకాశం ఎంతుందో నాలుగు మెట్లలో చెబుతుంది. ఆ రోజుది పైనుంచి రెండో మెట్టు. మబ్బు తునక లేదు, తలకి ఆరు డాలర్ల పర్మిట్ దండగ అని కాస్త గొణిగాను. కాస్తేం కాదు, కాఫీ అయ్యేదాకా.

అప్పుడు చెప్పాడు, 1997 ఆగస్టు 12న ఆ ఊరి పక్కనే లోయర్ యాంటెలోప్ లోయలో పదకొండు మంది కొట్టుకుపోయారని. పెద్ద వాన కురిసింది వాళ్ళ నెత్తిన కాదు, ఎగువన మైళ్ళ అవతల. అక్కడి రాతి నేల నీళ్ళు పీల్చదు, పడ్డదంతా ఉరుక్కుంటూ ఆ సందులోకే వస్తుంది. ఎక్కి నిలబడడానికి గట్టు ఉండదు. ఇప్పుడక్కడికి నవాజో (అక్కడి ఆదివాసీ తెగ) గైడ్ లేకుండా ఎవరినీ పంపరు. వైర్ పాస్‌లో గైడ్ ఉండడు, మన జాగ్రత్తే.

రెండు రోజులాగి వెళ్ళాం. మొదట ఎండిన వాగు, అంతర్వేది బీచ్‌లో నడిచినట్టు కాళ్ళు కూరుకుపోయే ఇసుక. తర్వాత గోడలు దగ్గరపడ్డాయి. ఒకచోట భుజం పక్కకి తిప్పితేగానీ పట్టలేదు. చెయ్యి పెడితే రాయి చల్లగా, గరుగ్గా ఉంది. ఒకప్పటి ఇసుక దిబ్బలే గట్టిపడి రాయయ్యాయట. ఇసుక కలిసిన నీళ్ళు వాటిని ఇలా కోసేశాయి. లంక కోతకి గురవడం చూసినవాణ్ణి, రాయిని కోయడం మాత్రం అక్కడే చూశాను.

"తాతయ్యా, చెట్టు గాల్లో ఉంది" అన్నాడు మనవడు. తలెత్తితే రెండు గోడల మధ్య అడ్డంగా ఇరుక్కుని పెద్ద దుంగ, బెరడు ఊడి తెల్లగా. మా పెంకుటింటి దూలం కన్నా చాలా పైన. గోదారి తీశాక రేవులో చిక్కిన దుంగని బట్టి నీరు ఎందాకా వచ్చిందో చెప్పేవాణ్ణి నేను. ఇక్కడ చేతులు బార్లా చాపలేని సందులో అంతెత్తున నీరు! అల్లుడి వైపు చూశాను. ఏమీ అనలేదు, మంచి పిల్లాడు.

చివర్న పెద్ద లోయ, బక్‌స్కిన్ గల్చ్, కలిసేచోట రాతి మీద కొమ్ముల గొర్రెల బొమ్మలు చెక్కి ఉన్నాయి, ఎప్పటివాళ్ళో. ఆ నీడలో పులిహోర తిని వెనక్కి వచ్చాం. నీళ్ళు మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్ళండి, అక్కడ దొరకవు. ఫోన్ సిగ్నల్ ఉండదు. తారు రోడ్డు దిగాక పదమూడు కిలోమీటర్ల మట్టిరోడ్డు, తడిస్తే జీపులు కూడా కదలవు. వానల సీజన్ అక్కడ జులై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా కాబట్టి మీరు వెళ్ళే రోజులు కొంత నయం. అయినా పొద్దున్నే ఆ వరద మెట్టు చూడకుండా కారెక్కొద్దు.

లోయ నడకలో ఒకచోట మాత్రం ఎనిమిది అడుగుల దాకా దిగుడు ఉంది. మేం వెళ్ళినప్పుడు నిచ్చెన వేసి ఉంది. మోకాళ్ళ నొప్పులుంటే అక్కడే ఆగిపోండి. మా ఆవిడ చీర మీదే వస్తానంటే అమ్మాయి పోట్లాడి పంజాబీ డ్రెస్ వేయించింది, ఆ పోట్లాట విలువ నిచ్చెన దగ్గర తెలిసింది. దిగడం బాగానే దిగింది. ఎక్కేటప్పుడు అల్లుడు కింద నిలబడి ఒక్కొక్క పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టాడు. ఫోటో ఉంది, బయటపెడితే ఊరుకోనంది.