శామ్ హ్యూస్టన్ పదవుల పట్టిక కుదరడం లేదా?

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా, టెక్సాస్ నాయకుడు హ్యూస్టన్ ఏ పదవిలో ఎప్పుడున్నారో పట్టిక వేస్తే ఇద్దరు మనుషుల్లా కనిపిస్తున్నారని, అమెరికా అధ్యక్షుల జాబితాలో ఆయన పేరు లేదని అడిగారు. అలా కనిపించడానికి కారణం, ‘అధ్యక్షుడు’ అన్న వరసను అమెరికా కింద వేయడం. 1836 నుంచి 1845 చివరి దాకా టెక్సాస్ విడి దేశం. అందుకే అమెరికా అధ్యక్షుల జాబితాలో ఆయన పేరు మీకు దొరకలేదు.

‘దేశం’ అని ఒక గడి కొత్తగా చేర్చి ఇలా నింపండి:

1. టెనెస్సీ గవర్నర్, 1827 అక్టోబర్ – 1829 ఏప్రిల్. పెళ్లయి మూడు నెలలు తిరక్కుండానే భార్య వెళ్లిపోయింది, ఆయన రాజీనామా చేశారు.
2. టెక్సాస్ రిపబ్లిక్ అధ్యక్షుడు, 1836–38, మళ్లీ 1841–44. మధ్యలో ఖాళీ ఓటమి వల్ల వచ్చింది కాదు. వరసగా రెండోసారి ఉండకూడదని అక్కడి రాజ్యాంగం.
3. అమెరికా సెనేటర్, 1846–59. (1857లో టెక్సాస్ గవర్నర్ పోటీలో ప్రత్యర్థి రన్నెల్స్ చేతిలో ఓడింది సెనేటర్‌గా ఉన్న ఈ కాలంలోనే. అది ఎన్నికల పట్టికలోకి వెళ్లాలి, ఇక్కడికి కాదు.)
4. టెక్సాస్ గవర్నర్, 1859 డిసెంబర్ – 1861 మార్చి 16.

చాలామంది తప్పు రాసేది నాలుగో వరసలో, ‘ముగింపు కారణం’ దగ్గర. ‘రాజీనామా’ అని రాయకండి, ‘ఓటమి’ అనీ రాయకండి. 1861 ఫిబ్రవరి 1న టెక్సాస్ ప్రతినిధుల సమావేశం అమెరికా నుంచి విడిపోవాలని తీర్మానించింది, 23న జనం ఓటుతో ఆమోదించారు. తర్వాత అధికారులంతా కాన్ఫెడరసీకి (అమెరికా నుంచి విడిపోయిన దక్షిణ రాష్ట్రాల కూటమికి) విధేయతా ప్రమాణం చేయాలన్నారు. హ్యూస్టన్ చేయలేదు. సమావేశం ఆయన పదవి ఖాళీ అయినట్టు ప్రకటించింది. గడిలో అదే రాయండి: ‘ప్రమాణం నిరాకరణ, పదవి ఖాళీగా ప్రకటన’. తర్వాతి గవర్నర్, అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ ఎడ్వర్డ్ క్లార్క్.