పెన్సిల్ మాన్పించకండి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్ఏ (చిత్రకళ డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతోంది. మనుషుల బొమ్మలతో స్కెచ్ పుస్తకాలు నింపేస్తుంది. ట్యాబ్లెట్ మీద రంగులు వేసే బొమ్మ ఒక్కోదానికి వారం పడుతుంది. యానిమేషన్, గేమింగ్ ఉద్యోగాలకు పెన్సిల్ మాని సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నాను. తన బొమ్మలు పంపుతున్నాను, చూసి చెప్పండి. – ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: దయచేసి పెన్సిల్ మాన్పించకండి. డిజిటల్ బొమ్మల్లో చర్మపు నునుపు, పట్టు మెరుపు ముచ్చటగా వచ్చాయి. కానీ అన్నింట్లోనూ మనిషి నిటారుగా మనవైపే చూస్తున్నాడు. పాదాలు కుచ్చిళ్లలోనో గడ్డిలోనో దాగాయి, చేతులు వీపు వెనక్కి పోయాయి. బొమ్మలు ఎంపిక చేసేవారి కన్ను ముందు అక్కడికే వెళుతుంది. అదే స్కెచ్ పుస్తకంలో, సంచి మోస్తూ బస్సు కోసం నిలబడిన పెద్దాయన బరువు ఏ కాలిమీద ఉందో చూడగానే తెలుస్తోంది. బరువు ఒక కాలిమీద పడితే ఆ వైపు తుంటి లేస్తుంది, భుజం దిగుతుంది, గొంతు గుంట ఆ పాదానికి సూటిగా పైకి వస్తుంది. ఇవి గీతలో తప్పితే ఎంత రంగు పూసినా నిలబడవు.

వారం పట్టడానికి కారణం కూడా నాకు బొమ్మల్లోనే కనిపించింది: వెలుగు ఎటునుంచి వస్తోందో ముందుగా తేల్చుకోలేదు. రంగు జోలికి వెళ్లకుండా నలుపు, బూడిద, తెలుపు మూడింటితోనే బొమ్మ నిలబడుతుందో లేదో చూసుకోమనండి. ఒంటి గుండ్రదనం వల్ల వచ్చే నీడకు అంచు మెత్తగా ఉంటుంది, చెయ్యి ఒంటిమీద వేసే నీడకు అంచు పదునుగా ఉంటుంది. ఆమె రెండింటినీ ఒకే బ్రష్‌తో మెత్తబరిచేస్తోంది.

సాలార్‌జంగ్ మ్యూజియానికి పంపండి (శుక్రవారం సెలవు). ఇటలీ శిల్పి బెంజోని 1876లో చెక్కిన ముసుగు రెబెకా పాలరాతి బొమ్మను చూస్తే బట్ట కింద ముఖం ఎలా తెలుస్తుందో అర్థమవుతుంది. ఒకే దుంగకు ఒకవైపు ఫౌస్ట్ నాటకంలోని సైతాను మెఫిస్టోఫిలిస్ దర్పంగా, రెండోవైపు అందులోని అమ్మాయి మార్గరెట్టా తలవంచుకుని ఉన్న కొయ్య శిల్పం ముందు నేనైతే పూటంతా కూర్చోమంటాను.

ఉద్యోగానికి చూపే బొమ్మల సంపుటిలో (పోర్ట్‌ఫోలియో) పది పన్నెండు బొమ్మలు చాలు. పెన్సిల్ గీత, పక్కనే దాని డిజిటల్ రూపం పెట్టాలి. ఒకే పాత్రను ముందు, పక్క, వెనుక నుంచి చూపాలి. లేయర్లున్న (గీత, రంగు వేర్వేరు పొరలుగా ఉన్న) అసలు ఫైళ్లు దాచుకోవాలి. ఏఐ బొమ్మలు వచ్చాక, నిజంగా తనే వేసిందా అన్న ప్రశ్న తప్పదు. చాలా స్టూడియోలు పరీక్షగా బొమ్మ వేయించి చూస్తాయి కూడా.

పాత్రల రూపకల్పనలో కొలువులు తక్కువ. టెక్స్చరింగ్ (చర్మం, బట్ట వంటి ఉపరితలాలు దిద్దడం), లైటింగ్ (దృశ్యానికి వెలుగు అమర్చడం) విభాగాల్లో అవకాశాలు అంతకంటే ఎక్కువ. వెలుగునీడలు దిద్దుకుంటే మీ అమ్మాయి అక్కడ రాణిస్తుందని నా నమ్మకం. పై చదువు ఆలోచన ఉంటే, డిజైన్ ప్రవేశ పరీక్ష సీడ్ (CEED) రాసి ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్‌లో మాస్టర్స్ చేయవచ్చు. ఆ పరీక్షలోనూ బొమ్మ గీయాలి.

సాఫ్ట్‌వేర్ సాధనకు క్రిటా (బొమ్మలు వేయడానికి), బ్లెండర్ (త్రీడీ, యానిమేషన్‌కు) ఉచితంగా దొరుకుతాయి. ముందు వాటితో కొన్ని నెలలు గడవనివ్వండి. ఆ తర్వాత కూడా కోర్సులో చేర్చాలనిపిస్తే, ఫీజు కట్టేముందు అక్కడి విద్యార్థులు పూర్తిచేసిన బొమ్మలతోపాటు వాటి తొలి గీతలు కూడా చూపించమని అడగండి.