రెపో తగ్గితే నా ఎఫ్‌డీ వడ్డీ ఎందుకు తగ్గాలి?

ప్రశ్న: రిటైరైన టీచర్ని, వయసు 67. గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. ఖర్చులకు పెన్షన్ సరిపోతుంది. 18 లక్షల ఎఫ్‌డీ ఈ మధ్యే మెచ్యూర్ అయింది. పాత రేటే ఇవ్వమంటే బ్యాంకువాళ్లు కుదరదన్నారు. మా వీధిలో మిర్చి ఎగుమతి చేసే ఆయనకు మాత్రం విడిగా రేటు మాట్లాడి ఇచ్చారట. ఒక స్మాల్ ఫైనాన్స్ బ్యాంకు ఎక్కువ వడ్డీ ఇస్తామంటోంది. మొత్తం అక్కడే వేసేయనా?

జవాబు: మాస్టారూ, మొత్తం అక్కడ వేయకండి. ముందు మీ రేటు ఎందుకు తగ్గిందో చూద్దాం.

రెపో అంటే రిజర్వ్ బ్యాంక్ మామూలు బ్యాంకులకు కొద్ది రోజుల అప్పు ఇచ్చే వడ్డీ రేటు. 2025 మొదట్లో 6.50 శాతం ఉన్న దాన్ని రిజర్వ్ బ్యాంక్ డిసెంబరుకల్లా 5.25కి దించింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇస్తున్న ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి. రెపో తగ్గితే మూడు నెలల్లోపు వాటి వడ్డీ కూడా తగ్గాల్సిందే. ఎఫ్‌డీ అలా కాదు, రాసిచ్చిన రేటు మెచ్యూరిటీ దాకా ఇచ్చి తీరాలి. అంటే బ్యాంకుకు రాబడి ముందే పడిపోతుంది, పాత డిపాజిట్ల మీద కట్టే వడ్డీ మాత్రం కదలదు. అప్పుడు వెంటనే తగ్గించగలిగేవి సేవింగ్స్ వడ్డీ, కొత్త ఎఫ్‌డీల వడ్డీ. సేవింగ్స్ వడ్డీని స్టేట్ బ్యాంక్ 2025 జూన్‌లోనే 2.5 శాతానికి తెచ్చేసింది. ఇక భారం పడేది సరిగ్గా ఇప్పుడు రెన్యువల్‌కి వచ్చిన మీలాంటివాళ్ల మీద. ఇది మీకు బాధగా ఉంటుందని తెలుసు, కానీ మేనేజరు చేతిలో ఏమీ లేదు.

పైకి కనిపించని ఖర్చు మరొకటి ఉంది. ప్రతి వంద రూపాయల డిపాజిట్‌లో 3 రూపాయలు సీఆర్‌ఆర్ (తప్పనిసరి నగదు నిల్వ) కింద రిజర్వ్ బ్యాంకులో ఉంచాలి, దాని మీద పైసా వడ్డీ రాదు. మీకు 6.50 శాతం ఇస్తే దాన్ని మిగతా 97 రూపాయల మీదే రాబట్టాలి కాబట్టి బ్యాంకుకు పడే ఖర్చు 6.70. జీతాలు, అద్దెలు, మొండి బాకీలు దాని పైన. కరెంట్ ఖాతాల డబ్బుకు వడ్డీ ఇవ్వక్కర్లేదు గనుకే వ్యాపారుల ఖాతాల కోసం బ్యాంకులు అంతగా పోటీ పడతాయి.

మిర్చి వ్యాపారి సంగతి: 3 కోట్లు, ఆపైన వేస్తే అది బల్క్ డిపాజిట్. ఆ రోజు బ్యాంకుకు డబ్బు ఎంత అవసరమో దాన్నిబట్టి దాని రేటు మారుతుంది. ఒక్కోసారి మీ రేటు కంటే తక్కువ కూడా ఉంటుంది. అంతకు తక్కువ మొత్తాలకు, సీనియర్ సిటిజన్లకు ఇచ్చే అదనం లాంటివి తప్ప, ఒకే రోజు ఒకే గడువుకు మనిషికో రేటు ఇవ్వకూడదు. కాబట్టి బేరమాడకండి, రేట్ల పట్టిక అడగండి. ఏ గడువుకు డబ్బు కావాలో ఆ గడువుకే బ్యాంకు కాస్త ఎక్కువ ఇస్తుంది. 444 రోజుల స్కీములు అలా వచ్చినవే.

స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులకు చవగ్గా వచ్చే సేవింగ్స్, కరెంట్ ఖాతాల డబ్బు తక్కువ. అందుకే ఎఫ్‌డీకి ఎక్కువ ఇచ్చి తెచ్చుకుంటాయి. చిన్న చిన్న అప్పులు ఎక్కువ వడ్డీకి ఇస్తాయి గనుక ఇవ్వగలుగుతాయి కూడా. ఆ అప్పులు వసూలు కాకపోతే బ్యాంకుకు కష్టమే. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి, అన్ని బ్రాంచీలూ కలిపి, అసలూ వడ్డీతో సహా 5 లక్షల వరకే. అందుకే అక్కడ 4 లక్షలు దాటొద్దు.

నా మాటగా 10 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. పోస్టాఫీసులోనైనా, బ్యాంకులోనైనా తెరవొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి దాని రేటు 8.2 శాతం. మీరు చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. 8.2 లెక్కన మూడు నెలలకోసారి 20,500 చేతికొస్తాయి. మధ్యలో మూసేస్తే కోత ఉంటుంది కాబట్టి అత్యవసరానికి దాన్ని నమ్ముకోవద్దు. దానికోసం మిగిలిన 4 లక్షలు మీ పాత బ్యాంకులోనే రెండు ఎఫ్‌డీలుగా వేయండి, ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకు. ఆస్పత్రి అవసరం పడితే ఒకదాన్నే విరవొచ్చు.

ఆలోచిస్తూ నెలలు గడపకండి. మెచ్యూర్ అయిన ఎఫ్‌డీని అలా వదిలేస్తే సేవింగ్స్ రేటు, పాత రేటు, వీటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. ఒకవేళ ఆటో రెన్యువల్‌లో పడి ఉంటే, ఇప్పుడు రద్దు చేస్తే ఎంత కోత పడుతుందో ఈ వారమే కనుక్కోండి.