చిట్టికి, బొమ్మలు బయట పెట్టేముందు

చిట్టీ,

కరోనా నాటి మూఢనమ్మకాల మీద వ్యంగ్యచిత్రాలు వేసి వచ్చే నెల ప్రదర్శన పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్రా పట్టలేదు.

మంచి కాగితం కొను. బొమ్మ కింద రాత తగ్గించు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది 1963 నాటి సంగతి. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఊళ్ళో మశూచి. ఆ మాట ఎవరూ అనేవారు కాదు, 'అమ్మవారు పోసింది' అనేవారు. గుమ్మాలకు వేపమండలు కట్టి, ఇంట్లో పోపు పెట్టడం మానేశారు. మశూచిని దేశంలోనే లేకుండా చెయ్యాలని ప్రభుత్వం పూనుకుని అప్పటికి ఏడాది. టీకా వేయించుకున్నానని నాకు మహా గర్వం. లైబ్రరీ గోడ మీద బొగ్గుతో ఒక బొమ్మ వేశాను. ఒకామె ఒళ్ళంతా పొక్కులున్న బిడ్డను చంకనేసుకుని, టీకాలాయన్ని కాదని అమ్మవారి చెట్టు దగ్గరికి పరుగెడుతోంది. కమ్మల బరువుకు తమ్మె తెగి రెండు పాయలైన చెవి పెట్టాను ఆమెకు. అలాంటి చెవి ఊళ్ళో ఒక్కరిదే, చెరువుగట్టు అవతలి పేటలో ఉండేది. జనం గుర్తుపట్టి నవ్వాలని కావాలనే పెట్టాను. నవ్వారు.

మూడోనాడు ఆమె వచ్చింది. చదువు రాదు. బొమ్మ ముందు నిలబడి తన చెవి తడుముకుంది. బిడ్డ ఆ వారమే పోయాడట, నాకు తెలియదు. తిట్టలేదు. "ఈ సూదాయన మా పేటకెప్పుడొచ్చాడు బాబూ?" అంది.

రాలేదు. టీకాలవాళ్ళు ఆ గట్టు దాటనే లేదు. ఆమెకు అందుబాటులో ఉన్నది ఆ చెట్టొక్కటే. తడిగుడ్డతో బొమ్మ తుడిచాను. సున్నం మీద మరక చాన్నాళ్ళు ఉండిపోయింది. ఆ గోడ ముందునుంచి వెళ్ళలేక చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

అందుకే చెబుతున్నా. 2020 మార్చిలో ఢిల్లీలో గోమూత్రంతో విందు చేసినవాళ్ళను వేయి, పళ్ళేల మోతకు వైరస్ చస్తుందని ఊదరగొట్టినవాళ్ళను వేయి, గట్టిగా వేయి. 2021 మేలో ఆనందయ్య మందుకోసం కృష్ణపట్నంలో బారులు తీరిన జనాన్ని మాత్రం నవ్వులపాలు చెయ్యకు. ఆక్సిజన్ దొరకని రోజులవి, తల్లీ. నిజాముద్దీన్ సమావేశం తర్వాత రోగానికి మతం అంటగట్టి, కూరగాయల బండివాడి పేరడిగి వెనక్కి పంపారే, అదీ మూఢనమ్మకమే. ఆ బొమ్మ లేకపోతే అసలు ప్రదర్శనే పెట్టకు.

గీత ఎటైనా తిరుగుతుంది. 1802లో గిల్రే అనే ఇంగ్లండు చిత్రకారుడు, ఆవుల పొక్కుల నుంచి జెన్నర్ తీసిన మశూచి టీకా పొడిపించుకున్నవాళ్ళ ఒంట్లోంచి ఆవులు మొలుస్తున్నట్టు వేశాడు. ఎంత గొప్ప చెయ్యి! జనం భయానికి రూపం కట్టింది.

నా భయం వేరే ఉంది. మతవిశ్వాసాలను దురుద్దేశంతో అవమానించారంటూ కేసు పెడితే మూడేళ్ళ దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో 295ఏ సెక్షను, ఇప్పటి న్యాయ సంహితలో 299. బొమ్మలన్నీ ముందే ఒక వకీలుకు చూపించు. ఇంటి అడ్రసు, ఫోను నంబరు ఎక్కడా వేయకు. మొదటిరోజు రాత్రి ఒక్కదానివే ఇంటికి రావద్దు. నాతో ఒక్క మాటైనా అనకుండా హాలు మాట్లాడేసుకుంటావా? ఎంత మొండిదానివే! మీ నాయనమ్మా ఇంతే. రాత్రుళ్ళు మేలుకుని గీస్తున్నావట, వేళకు అన్నం తిను.

అసలు బొమ్మలే పంపు, ఫోనులో నాకు గీత ఆనదు. ముందు చెవులు చూస్తాను.

తాతయ్య