అవగాహన లేదని రాసే ముందు

చెల్లెమ్మకు,

సిజేరియన్ కాన్పుల మీద నీ రిపోర్టు ఆసాంతం చదివాను. జిల్లా ఆస్పత్రి ప్రసూతి వార్డులో అన్ని రోజులు కూర్చుని బాలింతలతో, వాళ్ల తల్లులతో, ఆశా కార్యకర్తలతో మాట్లాడి, ఆ మాటలన్నీ ఓపిగ్గా రాసుకొచ్చావు. ఆ శ్రమ ప్రతి పేజీలోనూ కనిపిస్తోంది. కానీ చివరి అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. గర్భిణుల్లో, కుటుంబాల్లో సాధారణ కాన్పు మీద అవగాహన లేదని, కాబట్టి అవగాహన సదస్సులు పెట్టాలని రాశావు. ఆ వాక్యాన్ని తీసెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం.

సిజేరియన్ల సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అంతకుముందు ఐదేళ్లలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5. దేశం మొత్తం మీద 21.5. ఒక ప్రాంతంలో సిజేరియన్లు పది శాతం దాటాక, ఇంకా పెరిగినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇదంతా నీ మొదటి అధ్యాయంలో చక్కగా రాశావు. అయితే సర్వే ఎంత పెద్దదైనా ఒక విషయం దానికి అందదు. రాత్రి రెండింటికి లేబర్ రూమ్ తలుపు దగ్గర కాన్పుకి వచ్చిన అమ్మాయి తల్లి డ్యూటీ డాక్టర్‌ని ఏమని బతిమాలింది? ఆ డాక్టర్ ఎందుకు సరేనన్నారు? ఇది తెలుసుకోవడానికే నువ్వు రికార్డర్ పట్టుకుని వెళ్లావు. తిరిగొచ్చి అవగాహన లేదని రాస్తే, వార్డు గడప తొక్కని వాళ్లు కూడా అదే రాస్తారు కదా.

నీ దగ్గర ఉన్నది అంతకంటే చాలా ఎక్కువ. తొలి కాన్పుకి వచ్చిన ఆ చిన్న అమ్మాయి ఇంటర్వ్యూ మళ్లీ చదువు. రాత్రంతా నొప్పులు. ఇంకా ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేదు. తల్లిని వరండాలోనే ఆపేశారు. లోపల్నుంచి అరుపులు వినిపిస్తుంటే అవి తన కూతురివో, పక్క మంచం ఆమెవో తెలియక, చివరికి ఆపరేషన్ చెయ్యండి సారూ అని ఆ తల్లే అడిగింది. ఆమె నలుగురు పిల్లల్ని ఇంట్లోనే కన్నదని కూడా నువ్వే రాశావు. సాధారణ కాన్పు గురించి ఆమెకి తెలిసినంత నీకూ నాకూ తెలియదమ్మా. తలుపు అవతల ఏం జరుగుతోందో మాత్రమే ఆమెకి తెలియలేదు, చెప్పేవాళ్లు లేరు. సదస్సు పెట్టి ఆమెకి ఏం నేర్పుతాం?

కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే రాష్ట్రాలకి చెప్పింది. మరి ఆ వార్డులో ఎందుకు ఉండనివ్వడం లేదో నర్సులని అడిగావా? రిపోర్టులో ఎక్కడా లేదు. మంచానికీ మంచానికీ మధ్య కర్టెన్ లేకపోవచ్చు, ఒకరి తల్లి లోపలికి వస్తే పక్క మంచం ఆమెకి మరుగు ఉండదని నర్సులు ఆపుతుండవచ్చు. అదే నిజమైతే నీ సిఫార్సు కర్టెన్ గురించి ఉండాలి. సూపరింటెండెంట్ వారంలో చేయించగలిగే పని అది.

నేను ఆస్పత్రుల మీద రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ నమ్మిన సంగతి ఒకటుంది. మనుషులు చేసే పని బయటివాళ్లకి ఎంత తెలివితక్కువగా కనిపించినా, వాళ్లున్న చోటు నుంచి చూస్తే దానికో కారణం ఉంటుంది. రోగికీ ఉంటుంది, నర్సుకీ ఉంటుంది. ఆ కారణం దొరికేదాకా మన పని పూర్తి కాదు. ముహూర్తాల పిచ్చి అని నువ్వు రాసిన పేరా చూడు. ముందు తేదీ చెప్పింది ఎవరు? పంతులుగారా, డాక్టరా? డాక్టర్ ఫలానా వారంలో చేసేద్దాం అన్నాక, ఎలాగూ కోత తప్పదు కదా అని ఇంటివాళ్లు మంచి గడియ వెతికించారా? అదే జరిగితే ముహూర్తం కారణం కాదు, ఒకరు తీసుకున్న నిర్ణయం తర్వాత వచ్చిన ఏర్పాటు. ఏది ముందు, ఏది వెనక అన్నది కథ మొత్తం వింటేనే తేలుతుంది.

అందుకే ప్రశ్న అడిగే తీరు మార్చుకో. ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నారు అని అడిగితే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది, మనిషి వెంటనే సర్దుకుని జవాబు చెబుతుంది. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి ఏమేం జరిగిందో చెప్పమ్మా అని అడిగి ఊరుకో. మధ్యలో ఆగితే, ఆ తర్వాత అను చాలు. మౌనం ఇబ్బందిగా ఉన్నా దాన్ని నువ్వు నింపకు. నీ ట్రాన్స్‌క్రిప్టుల్లో చాలా చోట్ల ఆమె గుక్క తిప్పుకునే లోపే నువ్వు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయావు.

చోటు కూడా ముఖ్యం. వార్డులో మంచం మీద, పక్కన స్టాఫ్ నర్సు బీపీ చూస్తుండగా, అంతా బాగానే చూసుకున్నారనే చెబుతారు. ఇంకా రెండు మూడు రోజులు అక్కడే ఉండాలి కదా వాళ్లు! డిశ్చార్జ్ అయి పురుడు అయ్యాక ఇంటికి వెళ్లి కలిస్తే మాట వేరుగా ఉంటుంది. ఇక్కడో చిక్కు ఉంది. మన దగ్గర తొలి కాన్పుకి అమ్మాయి పుట్టింటికి వస్తుంది. రిజిస్ట్రేషన్ అత్తగారి ఊళ్లో అయి ఉంటే, నీ దగ్గరున్న అడ్రసుకి వెళితే ఆమె దొరకదు. నీకే దొరకనప్పుడు, ఆ అడ్రసు పట్టుకుని బాలింతని చూడ్డానికి వెళ్లే ఏఎన్ఎంకి, అంటే ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సుకి, దొరుకుతుందా? ఆమెని వెతకడానికి నువ్వు పడే తిప్పలని కూడా ఫీల్డ్ నోట్సులో రాసుకో, అది కూడా డేటానే. ఆశా కార్యకర్త సాయం లేకుండా ఆ ఇల్లు దొరకదు, నిజమే. కానీ ఆమె పక్కనే కూర్చుంటే నిన్ను కూడా సర్కారు మనిషే అనుకుంటారు. ఇల్లు చూపించాక, మీకు పనులుంటాయి కదా అక్కా అని మర్యాదగా పంపించెయ్. తర్వాత ఆమెతో విడిగా మాట్లాడు, ఆమె దగ్గరా చెప్పుకోవలసింది బోలెడు ఉంటుంది.

ఇక సిబ్బంది గురించి. నీ రిపోర్టులో నర్సులు కసురుకునే వాళ్లుగా కనిపిస్తారు తప్ప మాట్లాడే వాళ్లుగా కనిపించరు. ఇది న్యాయం కాదు, పరిశోధనకీ మంచిది కాదు. ఇంగ్లండులో మేరీ డిక్సన్-వుడ్స్ అనే పరిశోధకురాలి బృందం ఐసీయూల్లో కూర్చుని చూసి, 2012లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా ఇష్టం. రక్తనాళాల్లో పెట్టే గొట్టాల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లని ప్రతి ఐసీయూ లెక్కపెట్టి పంపాలి. అందరూ ఒకే పద్ధతిలో లెక్కపెడుతున్నారని పైవాళ్లు అనుకున్నారు. దగ్గరుండి చూస్తే రక్త పరీక్షకి ఎప్పుడు పంపాలి, దేన్ని ఇన్‌ఫెక్షన్ కింద రాయాలి, ఎవరు రాయాలి అన్నవి ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. లెక్కలు మార్చి మోసం చేసిన ఆనవాళ్లు పెద్దగా లేవు. ఎవరికి వాళ్లు సరిగ్గానే చేస్తున్నామనుకుంటూ చేసిన పని అది. తప్పు ఎవరిదని వెతుక్కుంటూ వెళ్లి ఉంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

అంతకుముందు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టర్ బృందం అవే ఇన్‌ఫెక్షన్లని బాగా తగ్గించింది. 2006లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు ఒక చిన్న చెక్‌లిస్టు, అంటే గొట్టం పెట్టేటప్పుడు చెయ్యాల్సిన పనుల జాబితా, అద్భుతం చేసిందని లోకమంతా చెప్పుకుంది. అసలు ఎలా తగ్గాయని డిక్సన్-వుడ్స్ బృందమే ప్రొనోవోస్ట్‌తో కలిసి 2011లో వివరించింది. ఐసీయూలన్నీ ఒక జట్టుగా కట్టడం, ఒకరి ఫలితాలు ఒకరు చూసుకోవడం, ఇన్‌ఫెక్షన్ తప్పనిసరి ఏమీ కాదు, మనం ఆపగలిగిందే అన్న పట్టుదల రావడం, ఇవన్నీ కలిసి పనిచేశాయని అందులో తేల్చారు. వట్టి కాగితం మాత్రం తెచ్చి మన వార్డులో గోడకి అంటిస్తే ఏమవుతుందో నీకు తెలుసు. అందుకే ఎంత తగ్గింది అన్నదానితో పాటు ఎలా తగ్గింది అని అడిగేవాళ్లు కావాలి. ఆ పని నీది.

కాబట్టి నైట్ డ్యూటీ నర్సులతో కూర్చో. ఒక రాత్రి ఎన్ని కాన్పులు చూస్తారు, రిజిస్టర్లు ఎన్ని రాస్తారు, ఏ పని వదిలేసి ఏ పనికి పరిగెత్తాల్సి వస్తుంది, ఏదైనా జరిగితే ఎవరిని అంటారు, ఇవన్నీ అడుగు. అడగడమే కాదు, చూడు. అనుమతి తీసుకుని ఒక మూల కూర్చుని ఎవరు ఎవరితో ఏం చెప్పారో, ఏది చెప్పకుండా వదిలేశారో రాసుకో.

రాసే తీరు గురించి కూడా కొంచెం చెప్పాలి. ఇంటర్వ్యూల్లోంచి నువ్వు తీసిన ముఖ్యాంశాలకి, అదే నీ థీమ్‌లకి, రవాణా, ఖర్చు, సిబ్బంది ప్రవర్తన అని పేర్లు పెట్టావు. అవి డబ్బాల మీద అంటించిన చీటీల్లాంటివి, లోపల ఏముందో చదివేవాడికి చెప్పవు. నువ్వు కనుక్కున్నదాన్ని పూర్తి వాక్యంగా రాయి. ప్రసవ మరణాల మీద థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో రాసిన మూడు ఆలస్యాల సంగతి క్లాసులో చదివే ఉంటావు. ఆస్పత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మూడోది ఆస్పత్రి గేటు లోపల జరిగేది. ఆలస్యమంటే ఇంటివాళ్ల తప్పే అనుకునే వాళ్లకి అది గట్టి జవాబు. ఇన్నేళ్లయినా అందరూ ఆ మూడింటినీ వాడుతున్నారంటే, విన్న వెంటనే ఎక్కడ ఏం చెయ్యాలో తెలుస్తుంది కనుకనే.

పన్నెండు మందితో మాట్లాడి 67 శాతం అని రాయకు. నీ వాదనకి సరిపడని మనిషిని ఫుట్‌నోట్‌లోకి నెట్టకు. ఆపరేషన్ వద్దని పట్టుబట్టి సాధారణ కాన్పు చేయించుకున్న ఆమె ఒక్కతే ఉంది నీ దగ్గర. ఆమెకి ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో, ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో తెలిస్తే మిగతా పదకొండు మంది కథలూ వేరుగా అర్థమవుతాయి.

ఇంకో సంగతి, ఇది తప్పనిసరి. పేర్లు తీసేశావు కానీ, ఫలానా షిఫ్టు హెడ్ నర్సు అని రాస్తే ఆ ఆస్పత్రిలో అందరికీ ఆమె ఎవరో తెలిసిపోతుంది. నిన్ను నమ్మి మాట్లాడిన మనిషికి మెమో రాకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన పరిశోధన నైతిక మార్గదర్శకాలు సంతకాల కాగితం గురించి మాత్రమే కాదు, ఇలాంటి మనుషుల్ని కాపాడడం గురించి కూడా.

వినడం వల్ల ఏమొస్తుందని మీ గైడ్ అడిగారన్నావు. మనకి పక్కనే మహారాష్ట్రలో ఉన్న గడ్చిరోలి పేరు చెప్పు. అభయ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అక్కడి ఆదివాసులని మీకెలాంటి ఆస్పత్రి కావాలని అడిగారు. పెద్ద భవనాలంటే భయమని, తమవాళ్లు తోడు ఉండాలని వాళ్లు చెబితే ఆస్పత్రిని గూడెంలా గుడిసెలతో కట్టి, వాళ్లు కొలిచే దంతేశ్వరి అమ్మవారి పేరే పెట్టారు. జార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ పని కూడా చెప్పు. ఊళ్లలో మహిళా బృందాలు కూర్చుని కథలు, బొమ్మల ద్వారా పసికందుల చావుల గురించి మాట్లాడుకుని, ఏం చెయ్యాలో తామే తేల్చుకున్నాయి. పని మొదలయ్యాక రెండో, మూడో సంవత్సరాల లెక్క చూస్తే, బృందాలు లేని ఊళ్ల కంటే అక్కడ నవజాత శిశు మరణాలు 45 శాతం తక్కువని 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ ఎవరూ వేదికెక్కి ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఇది. మళ్లీ వార్డుకి వెళ్లు. నైట్ డ్యూటీ నర్సులు, వరండాలో కూర్చునే తల్లులు, ఆపరేషన్ నిర్ణయం తీసుకునే డాక్టర్లు, ఈ ముగ్గురి మాటలూ విను. చివరి అధ్యాయం రాశాక ముందు నర్సులకి చదివి వినిపించు. ఇది మా వార్డే అని వాళ్లు అంటే సరే, కాదంటే ఎక్కడ కాదో రాసుకో. ఆ తర్వాతే సూపరింటెండెంట్ గారి దగ్గరికి తీసుకెళ్లు. గడువు దగ్గరపడిందని టెన్షన్ పడుతున్నావని తెలుసు. గైడ్‌తో కావాలంటే నేనూ మాట్లాడతాను. కొత్త డ్రాఫ్ట్ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, నర్సుల ఇంటర్వ్యూలు కాగానే అవి నాకు పంపు.

ప్రేమతో,
మీ అక్క